స్విట్జర్లాండ్ కొన్న యుద్ధ విమానాలు: ధర ఎవరి చేతిలో ఉంది?

అందరికీ నమస్కారం.

2020 సెప్టెంబరు 27న స్విట్జర్లాండ్‌లో ఓటింగ్ జరిగింది. వైమానిక దళానికి కొత్త యుద్ధ విమానాల కోసం 600 కోట్ల ఫ్రాంకుల దాకా ఖర్చు పెట్టవచ్చా, వద్దా అన్నది ప్రశ్న. సుమారు 32 లక్షల మంది ఓటేస్తే, పెట్టవచ్చన్న వాళ్లకు వచ్చిన మెజారిటీ తొమ్మిది వేలు కూడా లేదు. శాతంలో 50.1. ఇంత పెద్ద రక్షణ కొనుగోలును మామూలు జనం ముందు ఓటుకు పెట్టే దేశాలు చాలా అరుదు. అందుకే ఆ దేశం అంటే నాకు గౌరవం. ఆ ఓటు తర్వాత జరిగింది చూసి నాకు బాధ కలిగిందీ అందుకే.

స్విట్జర్లాండ్ విస్తీర్ణం మన తెలంగాణలో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. జనాభా 90 లక్షల దాకా ఉంటుంది. నాటోలో లేదు, తటస్థ దేశం. జెట్ విమానం ఆ దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై నిమిషాల్లో దాటేస్తుంది. అలాంటి దేశానికి ఏ విమానం కావాలి అని అడిగే ముందు, ఆ విమానంతో ఏం పని అని అడగాలి. ఈ ప్రశ్నకు 2014లో ఒక జవాబు దొరికింది, ఎవరూ కోరుకోని రీతిలో.

ఆ ఏడాది ఫిబ్రవరి 17న అడిస్ అబాబా నుంచి రోమ్ వెళ్తున్న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని దాని కో-పైలటే హైజాక్ చేశాడు. కెప్టెన్ కాక్‌పిట్ బయటికి వెళ్లగానే తలుపు లాక్ చేసి, విమానాన్ని జెనీవాకు మళ్లించాడు. తెల్లవారుజామున ఆ విమానాన్ని వెంబడించి వచ్చినవి ఇటలీ, ఫ్రాన్స్ యుద్ధ విమానాలు. స్విస్ విమానాలు లేవలేదు. కారణం, వాళ్ల వైమానిక దళం అప్పట్లో ఆఫీసు వేళల్లోనే పనిచేసేది: ఉదయం 8 నుంచి 12, మళ్లీ ఒకటిన్నర నుంచి 5. హైజాక్ అయిన విమానం దిగింది ఉదయం ఆరు గంటలకు.

అప్పటికి వాళ్ల దగ్గర విమానాలు లేక కాదు. ఎఫ్/ఎ-18 హార్నెట్లు ఉన్నాయి, మంచివే. 24 గంటలూ సిద్ధంగా ఉంచడానికి మనుషులు, డబ్బు లేవు. షిఫ్టుల్లో పైలట్లు, మెకానిక్‌లు, రాడార్ ముందు కూర్చునేవాళ్లు ఉంటేనే రాత్రి రెండు గంటలకు విమానం లేస్తుంది. ఆ ఏర్పాటు పూర్తయ్యేసరికి 2020 చివరికి వచ్చింది. ఇప్పుడు రెండు విమానాలు ఆయుధాలతో, పావుగంటలో లేవగలిగేలా రాత్రీపగలూ సిద్ధంగా ఉంటాయి. కొత్త విమానం గురించి జరిగే చర్చల్లో ఈ పని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చిన్న దేశానికి రోజూ పనికొచ్చేది మాత్రం ఇదే.

హైజాక్ జరిగిన మూడు నెలలకు, 2014 మే 18న, 22 స్వీడిష్ గ్రిపెన్ విమానాలు కొనాలన్న ప్రతిపాదన ఓటుకు వచ్చింది. 53.4 శాతం మంది వద్దన్నారు. ఆ దెబ్బతో ప్రభుత్వం పద్ధతి మార్చింది. తర్వాతి సారి విమానం పేరు చెప్పకుండా డబ్బుకు మాత్రమే అనుమతి అడిగింది. 2020 ఓటు అదే. రకం తర్వాత నిపుణులు తేలుస్తారన్నారు. ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. 600 కోట్లు ఎవరికి పోతాయో, ఏ దేశంతో ముప్పై ఏళ్ల బంధం పడుతుందో తెలియకుండా ఓటేయమనడం సగం ప్రశ్న అడగడమే. తేలికపాటి విమానాలు చాలు, ఆకాశంలో గస్తీకి ఇంత ఖరీదైనవి ఎందుకు అని వ్యతిరేకులు అడిగారు. ఆ వాదనకు కూడా సరైన విచారణ దక్కలేదు.

సరే, నిపుణులు తేల్చారు. యూరోఫైటర్, రఫేల్, సూపర్ హార్నెట్, ఎఫ్-35ఎ, ఈ నాలుగింటినీ పోల్చి 2021 జూన్ 30న అమెరికా వాళ్ల ఎఫ్-35ఎ అన్నారు. దానికి 336 పాయింట్లు, మిగతా వాటికన్నా కనీసం 95 ఎక్కువ. పనితనానికి 55 శాతం, నిర్వహణకు 25, ఇరు దేశాల సహకారానికి 10, స్విస్ పరిశ్రమలకు వచ్చే పనికి 10 శాతం లెక్కన వేశారు. ఆ చివరి పది శాతం సంగతి మనకు కొత్త కాదు. ఎఫ్-35 తయారుచేసే లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీదే అయిన సి-130జె రవాణా విమానం తోక భాగాలు మన హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో తయారవుతున్నాయి. పెద్ద కంపెనీలు ఏ దేశంలోనైనా ఇలాగే పని పంచుతూ వెళ్తాయి.

ముప్పై ఏళ్లకు మొత్తం ఖర్చు 1,550 కోట్ల ఫ్రాంకులని, రెండో స్థానంలో ఉన్న విమానం కన్నా ఇది 200 కోట్లు తక్కువని చెప్పారు. ఎఫ్-35 నిర్వహణ ఖర్చు గురించి అమెరికాలోనే ఆడిట్ సంస్థ ఏళ్లుగా హెచ్చరిస్తూ ఉంటే, ఇక్కడ చవక ఎలా అయింది? మిగతా విమానాల కన్నా దీనికి గాలిలో గంటలు ఇరవై శాతం తక్కువ చాలు, శిక్షణలో ఎక్కువ భాగం సిమ్యులేటర్‌లోనే అయిపోతుంది అన్నది వాళ్ల లెక్క. అయిపోవచ్చు. కానీ ఆ గంటలు తగ్గకపోతే చవక అన్న మాటే నిలబడదు.

ఇక అసలు విషయం, కొనుగోలు ధర. ఇల్లు కట్టించుకునేవాళ్లకు తెలుసు, మేస్త్రీకి గుత్తకు ఇవ్వడం వేరు, అయిన ఖర్చుకు బిల్లు కట్టడం వేరు. స్విస్ ప్రభుత్వం ఇది గుత్త ధర, పెరగదు అని పార్లమెంటుకూ ప్రజలకూ పదేపదే చెప్పింది. అమెరికా నుంచి కొన్న పద్ధతి మాత్రం వేరు. అక్కడ కొనుగోలుదారు కంపెనీతో ఒప్పందం చేసుకోడు. అమెరికా ప్రభుత్వం తన సైన్యంతో పాటు కొని, తనకు ఎంత పడితే అంతకు ఇస్తుంది. 2022 జులైలో స్విస్ ప్రభుత్వ ఆడిట్ కార్యాలయమే ఈ ధర స్థిరమని చట్టపరంగా ఖాయంగా చెప్పలేమని రాసింది. రక్షణ శాఖ మాత్రం లాయర్ల అభిప్రాయాలు చూపించి దాన్ని పక్కన పెట్టింది. ఎఫ్-35 వద్దంటూ, దానిపై ప్రజల ఓటు కోరుతూ లక్షకు పైగా సంతకాలు అందాయి. దానిపై ఓటు జరగకముందే, 2022 సెప్టెంబరులో 36 విమానాల ఒప్పందం మీద సంతకం పెట్టేశారు. ఉద్యమం నడిపినవాళ్లు పిటిషన్ వెనక్కి తీసుకోవడం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది.

2025 జూన్‌లో ప్రభుత్వం బయటపెట్టింది: స్థిర ధర అన్నది అపార్థమని అమెరికా అంటోందని, అదనంగా 65 కోట్ల నుంచి 130 కోట్ల డాలర్ల దాకా పడవచ్చని. ఆ ఆగస్టులోనే స్విస్ సరుకుల మీద అమెరికా 39 శాతం సుంకం వేసింది. ఒప్పందం రద్దు చేయమని గోల మొదలైంది. ప్రభుత్వం రద్దు చేయలేదు. పాత హార్నెట్లకు ఆయుష్షు అయిపోతోంది, ఇంకో విమానం ఎంచుకుని తెచ్చుకునే టైమ్ లేదు. బేరం ఆడే బలం సంతకం ముందే ఉంటుంది. సంతకం అయ్యాక 36 విమానాల కస్టమర్‌ని వేల విమానాలు తయారుచేసే దేశం ఎందుకు లెక్కచేస్తుంది?

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఏమిటంటే, ఈ పాఠం స్విస్ వాళ్లకు ఇదివరకే ఉంది. 1961లో 100 మిరాజ్ విమానాలకు 87 కోట్ల ఫ్రాంకులు మంజూరు చేశారు. సొంత మార్పులు, వేరే ఎలక్ట్రానిక్స్ కలిపాక 1964లో ఇంకో 57 కోట్లకు పైగా కావాలన్నారు. దేశం దద్దరిల్లింది. పార్లమెంటు తన చరిత్రలో మొదటిసారి విచారణ సంఘం వేసింది. విమానాలు 57కు తగ్గాయి, పెద్ద అధికారుల పదవులు పోయాయి. ఆ విచారణ తేల్చిందేమిటంటే, మంజూరు అడిగినప్పుడే పార్లమెంటు ముందు సరైన లెక్కలు పెట్టలేదని. అరవై ఏళ్ల తర్వాత మళ్లీ అలాంటి విషయమే అయింది. ఈసారి ఆడిట్ వాళ్లు ముందే చెప్పారు కూడా.

2025 డిసెంబరులో ప్రభుత్వం ఓటర్లు ఇచ్చిన 600 కోట్ల హద్దు దాటకూడదని నిర్ణయించింది. ఆ డబ్బుకు ఎన్ని వస్తే అన్ని విమానాలు తీసుకుంటామంది, అంటే 36 కన్నా తక్కువ. హద్దును గౌరవించడం నాకు నచ్చింది. కానీ ఆ 36 గాలిలోంచి పుట్టిన అంకె కాదు. ఉద్రిక్తత వస్తే కనీసం నాలుగు వారాల పాటు ఎప్పుడూ నాలుగు విమానాలు ఆకాశంలో ఉండాలి, దానికి ఇన్ని కావాలి అని లెక్కగట్టి చెప్పిన సంఖ్య. ఇప్పుడు తక్కువ విమానాలతో ఆ నాలుగు వారాలు ఎలా నడుస్తాయో, లేక ఆ లెక్కే ఎక్కువ వేసిందో, రాజధాని బెర్న్‌లో పార్లమెంటు ముందు ప్రభుత్వం అంకెలతో సహా చెప్పాలి.