సంతకం దగ్గరే ఆగిపోకూడదు

శ్రోతలకు నమస్కారం. బడి వయసు దాటినవాళ్లకు చదువు నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో తెచ్చిన పథకం ఉల్లాస్. 15 ఏళ్లు నిండిన 5 కోట్ల మందికి 2027లోగా అక్షరాలూ లెక్కలూ నేర్పాలన్నది లక్ష్యం. అందుకు వేసిన ఖర్చు అంచనా 1,037.90 కోట్ల రూపాయలు. చెప్పేవాళ్లు వలంటీర్లు, జీతం ఉండదు. 2018 మార్చితో ఆగిపోయిన పాత వయోజన విద్య పథకం సాక్షర భారత్‌లో ఊరి సమన్వయకర్తకు నెలకు 2,000 రూపాయలైనా ఇచ్చేవారు. ఇప్పుడు బరువంతా వలంటీరు మీదే.

మీరూ ఆ పనికి పూనుకుంటే, ముందు చదువుకోవడానికి వచ్చినవాళ్ల కళ్ల సంగతి కనుక్కోండి. నలభై దాటితే చత్వారం మామూలే. ‘నాకీ వయసులో చదువెక్కదమ్మా’ అనే పెద్దమ్మకు పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయి కనబడుతుండవచ్చు. ‘ప’కీ ‘ష’కీ తేడా కడుపులో చిన్న గీతేగా! కళ్లద్దాలు వచ్చేదాకా పలక మీద బెత్తెడంత అక్షరాలు రాయండి.

లెక్కలు వాళ్లకు నోటికి వచ్చు. కూలి డబ్బులు, వడ్డీ మనకన్నా ముందే చెప్పేస్తారు. తడబడేది రాతలోనే. వెయ్యి ఐదు రాయమంటే 1000 రాసి, పక్కన 5 పెట్టి 10005 చేస్తారు. కోప్పడకండి, విన్నది విన్నట్టే రాశారు. వెయ్యి, వంద, పది, ఒకటి అని నాలుగు గళ్లు గీసి, నోట్లూ నాణేలూ వాటిలో పెట్టించండి. ఖాళీ గడిలో సున్నా ఎందుకో వాళ్లకే తెలుస్తుంది.

అక్షరాలు నేర్చుకుంటూ చాలామంది మానేసేది ఒత్తుల దగ్గరే. ‘అమ్మ’, ‘అక్క’, ‘బియ్యం’ లాంటి నోట్లో ఉన్న మాటలతోనే ఒత్తు పరిచయం చేయండి. నాట్లు, మిరప కోతల రోజుల్లో ఎవరూ రారు. ఆ వారాలు ముందే వదిలేసి లెక్క వేసుకోండి.

చివర పరీక్ష 150 మార్కులకు: చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోటి 50. చాలా ఊళ్లలో ఆ మర్నాడే పలకలు అటకెక్కుతాయి, ఆరు నెలలకు సంతకం ఒక్కటే మిగులుతుంది. నేర్చింది మరిచిపోకుండా చదువు కొనసాగించే నిరంతర విద్య కూడా ఈ పథకంలో భాగమే, కానీ దానికి దక్కాల్సిన శ్రద్ధ దక్కడం లేదు. కలిసి చదువుకుంటే ఏం చేయగలరో చూడండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చిన ఆడవాళ్లు సారా మీది పాఠాన్ని కలిసి చదివి, మాట్లాడుకుని, 1992లో సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

కాబట్టి పరీక్ష అయ్యాక కూడా వారానికో సాయంత్రం కలిపి కూర్చోబెట్టండి. మొదటి రోజు ఎవరి పొదుపు పుస్తకం వాళ్లు తెచ్చుకుని, కట్టిన కిస్తీలు, మిగిలిన బాకీ పైకి చదవాలి.