మంచం దిగే ముందు

అందరికీ నమస్కారమండీ. నేను గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను, 22 ఏళ్ల సర్వీసు, అంటే 22 ఏళ్లుగా నిలబడే ఉన్నాననుకోండి. డాక్టర్ని కాదు. నన్ను ఇక్కడికి పిలిచింది నా కుడి మడమ గురించి చెప్పమని, నవ్వకండి, 11 నెలలు ఇల్లూ స్కూలూ అన్నీ ఆ మడమ చెప్పినట్టే నడిచాయి.

మొదలైంది మార్చిలో, పదో తరగతి పరీక్షల ఇన్విజిలేషన్ అప్పుడు. మూడు గంటల పైచిలుకు కూర్చోకుండా గదిలో తిరుగుతూనే ఉండాలి, అలా వరసగా డ్యూటీలు. ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్ తెద్దామని మంచం దిగి కాలు కింద పెట్టానో లేదో మడమలో మేకు దిగినట్టయింది, గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయా. ఓ పదడుగులు కుంటాక తగ్గింది, సరే నరం పట్టేసిందిలే అనుకున్నా. మర్నాడు మళ్లీ అదే. నడుస్తుంటే సర్దుకుంటుంది, కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదటికొస్తుంది, సాయంత్రం అయ్యేసరికి ఒకటే సలుపు. ఇది వింటూ "అచ్చం నాకూ ఇంతే" అనుకునేవాళ్లుంటే, అది చాలావరకు ప్లాంటార్ ఫేషియైటిసే, అంటే పాదం అడుగున ఉండే పట్టీకి వచ్చే జబ్బు. 10 మందిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుందంటారు, ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య, అందులోనూ బట్టల షాపు సేల్స్ వాళ్లు, నర్సులు, కర్రీ పాయింట్ దగ్గర పొద్దుట్నుంచీ నిలబడేవాళ్లు, మా టీచర్లు, ఇంకా పరుగులు పెట్టే కుర్రాళ్లు కూడా.

ఒకచోట ఎక్స్‌రే తీసి ఎముక పెరిగిందమ్మా, ముల్లు వచ్చింది అన్నారు. ఆ ముల్లు అన్న మాట వినగానే నాకు నిద్ర పోయింది. చుట్టాల్లో ఒకావిడ ఫోన్ చేసి ఆపరేషన్ చేసి గీకించుకోవాలంట కదా అని ఇంకా భయపెట్టింది. తర్వాత తెలిసిందేంటంటే, మడమలో ఇసుమంత నొప్పి లేనివాళ్లకి ఎక్స్‌రే తీసినా చాలామందిలో ఆ ముల్లు కనబడుతుందట, నొప్పికి కారణం అది కాదు. మరి ఏది అంటే, పాదం అడుగున మడమ ఎముక నుంచి వేళ్ల దాకా ఒక మందపాటి పట్టీ ఉంటుంది. నేను పిల్లలకి చెప్పినట్టే చెప్తా. పాదం మధ్యలో వంపు ఉంది కదా, అది విల్లు, ఈ పట్టీ వింటినారి. ఒళ్లు బరువంతా మీద పడ్డప్పుడు విల్లు సాగిపోకుండా పట్టుకునేది ఆ నారే. అడుగు తీసేటప్పుడు బొటనవేలు వెనక్కి వంగుతుంది చూడండి, అప్పుడు బావి గిలక మీద తాడు చుట్టుకున్నట్టు ఈ పట్టీ వేలి మొదలు చుట్టూ బిగుసుకుని వంపుని పైకి లేపుతుంది. రోజుకి కొన్ని వేలసార్లు జరిగే పని ఇది. దానికి తోడు పిక్కలు బిగుసుకుపోయి ఉంటే అవి వెనక నుంచి మడమని పైకి గుంజుతాయి, పట్టీ మీద ఇంకా లాగుడు. రాత్రంతా పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పట్టీ కుదించుకుని ఉంటుంది, పొద్దున్నే మనం ఏమీ చెప్పకుండా దాని మీద 70 కిలోలు పెట్టేస్తాం. అరవదా మరి!

ఇంకో సంగతి, జబ్బు పేరు చివర ఐటిస్ అని ఉంది, ఐటిస్ అంటే వాపు, కానీ 2003లో అమెరికాలో 50 మందికి ఆపరేషన్లో తీసిన ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూస్తే అనుకున్నట్టు వాపు కణాలు కనబడలేదు, అరిగి చివికిన పోగులే ఉన్నాయి. నాకిది చాలా పెద్ద విషయం అనిపించింది, ఎందుకంటే నేను అప్పటిదాకా నొప్పి మాత్రలు మింగి వాపు తగ్గితే అదే పోతుందని కూర్చున్నా. చివికిన తాడుకి మాత్రలు కాసేపు ఊరట ఇస్తాయి గానీ బలం ఇవ్వవు కదా. మధ్యలో స్టెరాయిడ్ ఇంజక్షన్ కూడా వేయించుకున్నా, నెలన్నర స్వర్గం, తర్వాత మళ్లీ అదే మేకు. మళ్లీ మళ్లీ వేయించుకుంటే పట్టీ తెగే ప్రమాదం, మడమ కింద మెత్తటి కొవ్వు పల్చబడే ప్రమాదం ఉన్నాయని విన్నాక రెండోదానికి నేనే వద్దన్నా.

మా అత్తయ్యగారి వైద్యం ఇటుక. ఇటుక బాగా కాల్చి, జిల్లేడాకులు పరిచి, దాని మీద మడమ ఆనించడం. అబద్ధమెందుకు, పెట్టినంతసేపు ప్రాణం లేచొచ్చేది, ఆ వేడికే అనుకుంటా. కానీ షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం అస్సలు చేయొద్దు, కాలినా తెలీదు. జిల్లేడు పాలు చేతికంటి కంట్లో పడితే అది ఇంకో గొడవ.

నన్ను దారిలో పెట్టింది ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నే నాకు నచ్చింది, "మేడం, ఇంట్లో ఏం వేసుకుంటారు?" ఏం వేసుకుంటాం, ఏమీ లేదు! గుమ్మం బయట 2000 పెట్టి కొన్న మెత్తటి చెప్పులు వదిలేసి, లోపల పొద్దున అయిదింటి నుంచి వంటింటి గ్రానైట్ మీద, హాల్లో టైల్స్ మీద ఒట్టి కాళ్లతో తిరగడం. మన అమ్మమ్మల కాలంలో మట్టి అరుగు, పేడ అలికిన నేల, ఇప్పుడేమో రాయి. ఆ రోజే ఇంట్లోకని విడిగా ఒక జత కొన్నా, మడమ కొంచెం ఎత్తుగా, వంపు దగ్గర ఆనేలా ఉన్నవి. అత్తయ్యగారు "ఇంట్లో చెప్పులేంటే, లక్ష్మీదేవి ఉంటుందా" అని వారం రోజులు మాట్లాడలేదు. పూజగది బయట విప్పేస్తాను, వంటింట్లో మాత్రం విప్పను అని ఒప్పందం కుదుర్చుకున్నాం. అరిగిపోయిన హవాయి చెప్పులు ఉంటే పారేయండి, అవి ఉన్నా లేనట్టే.

ఇక వ్యాయామం. కళ్లు తెరవగానే మంచం మీదే కూర్చుని నొప్పి కాలు రెండో మోకాలి మీద వేసుకుని, చేత్తో వేళ్లని వెనక్కి అంటే మోకాలి కింద ముందు ఎముక వైపు లాగి పట్టుకోవాలి, 10 లెక్కపెట్టేదాకా, అలా 10 సార్లు. రెండో చేతి బొటనవేలితో అడుగున నొక్కి చూస్తే పట్టీ వీణ తీగలా బిగుసుకున్నది తెలుస్తుంది, తెలిస్తే మీరు సరిగ్గా చేస్తున్నట్టు. రోజుకి మూడుసార్లు, ముఖ్యంగా మంచం దిగే ముందు. కొన్ని వారాలకి నాకు ఆ మొదటి పదడుగుల నొప్పి సగమైంది. రెండోది మెట్టు మీద, వేళ్ల కింద టవల్ చుట్టి పెట్టి, మూడు సెకన్లలో మడమలు లేపి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లలో దించడం, రోజు విడిచి రోజు. తేలిగ్గా అనిపిస్తే పుస్తకాల బ్యాగ్ తగిలించుకుని చేయమంది. 2015లో డెన్మార్క్ వాళ్లు దీన్ని పరీక్షిస్తే మూడు నెలల దగ్గర, ఉత్త స్ట్రెచింగ్ చేసినవాళ్ల కంటే ఇది చేసినవాళ్లు మెరుగ్గా ఉన్నారు, ఏడాది తర్వాత మాత్రం ఇద్దరూ ఒకటే. అంటే ఏది చేసినా టైం పడుతుంది, ఎక్కువమందికి ఏడాది లోపు ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. బరువు తగ్గమని కూడా చెప్పింది, నాలుగు కిలోలు తగ్గాను, అదెలా తగ్గానో అదో పెద్ద కథ, వదిలేయండి.

అన్ని మడమ నొప్పులూ ఇదే అనుకోకండి. మడమని రెండు పక్కల నుంచి నొక్కితే ప్రాణం పోతుంటే ఎముకలో సన్నటి చీలిక ఉండొచ్చు. మంటలు, తిమ్మిర్లు ఉంటే నరం సంగతి. చిన్న వయసులోనే రెండు మడమలూ నొప్పి, దాంతో పాటు పొద్దున్నే నడుం పట్టేస్తుంటే అది కీళ్లవాతం రకం కావచ్చు. రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, జ్వరం, లేదా ఉన్నట్టుండి ఫట్‌మని తెగినట్టు అనిపించడం, ఇవి ఉంటే వ్యాయామాలు పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఈ మార్చిలో మళ్లీ ఇన్విజిలేషన్ పడింది. ఈసారి షూ వేసుకెళ్లా, చీర మీద స్పోర్ట్స్ షూ ఏంటని స్టాఫ్ రూమ్‌లో అందరూ చూశారు, చూడనీ. నొప్పి అసలు రాలేదని అనను, నాలుగో రోజు సాయంత్రానికి కొంచెం గుర్తు చేసింది. ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన వాటర్ బాటిల్ పాదం కింద వేసుకుని టీవీ చూస్తూ ఓ పది నిమిషాలు దొర్లించి పడుకున్నా, పొద్దున్నే మంచం మీద కూర్చుని పది లెక్కపెట్టి మరీ దిగాను.