ఓడల్లో చోటు దొరకని యాపిల్‌ను ఎవరు కొన్నారు?

[తెరపై: ప్రపంచ పటం. న్యూజిలాండ్ నుంచి బ్రిటన్‌కు ఒక పొడవైన గీత]

నమస్తే. 1940 మొదట్లో న్యూజిలాండ్‌లో యాపిల్ కోతలు మొదలయ్యాయి. తోటల నిండా కాయ ఉంది. కొనే దేశమేమో బ్రిటన్. సముద్రం మీద దాదాపు 20,000 కిలోమీటర్ల దూరం. అంతకు కొన్ని నెలల ముందే, 1939 సెప్టెంబర్‌లో, రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది.

యాపిల్ అంత దూరం వెళ్లాలంటే కోల్డ్ స్టోరేజీ ఉన్న ఓడ కావాలి. అలాంటి ఓడలు తక్కువ, యుద్ధంలో ఇంకా తగ్గుతున్నాయి. ఉన్న చోటులో ఏం పంపాలి? బ్రిటన్ మాంసం, వెన్న, చీజ్ అడిగింది. అదే చోటులో అవి పట్టినంత బలమైన తిండి పండ్లతో రాదు. పైగా యాపిల్ బ్రిటన్‌లోనూ పండుతుంది. అలా యాపిల్ ఓడ ఎక్కకుండా ఆగిపోయింది.

[తెరపై: నెల్సన్, హాక్స్ బే ప్రాంతాలు పటంలో వెలుగుతాయి]

న్యూజిలాండ్‌లో యాపిల్ పండే నెల్సన్, హాక్స్ బే ప్రాంతాల రైతుల పరిస్థితి ఊహించండి. అప్పటి న్యూజిలాండ్ జనాభా సుమారు 16 లక్షలు. విదేశానికి పోవాల్సిన కాయ కూడా ఆ కొద్దిమంది జనానికే అమ్మాల్సి వస్తే రేటు ఏమవుతుందో మన రైతులకు చెప్పక్కర్లేదు. చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి రైతులు 2025లో చూసింది ఇదే. కాయ విపరీతంగా వచ్చింది, ఫ్యాక్టరీలు రేటు తగ్గించాయి. చివరికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అందాలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని ప్రకటించింది.

న్యూజిలాండ్ ప్రభుత్వం ఇంకో దారి పట్టింది. రేటు ప్రకటించి ఊరుకోలేదు, యాపిల్, పేర్ (బేరి పండు) పంటను తానే కొనేసింది. రైతు గ్రేడు చేసి పెట్టెల్లో అప్పగిస్తే డబ్బు ప్రభుత్వం ఇస్తుంది. తర్వాత కోల్డ్ స్టోరేజీలో దాచడం, దుకాణాలకు పంపడం, అమ్ముడుపోకపోతే నష్టం భరించడం, అన్నీ ప్రభుత్వం తలనొప్పే.

[తెరపై: 1937]

యుద్ధం వచ్చాక హడావిడిగా ఇంత పని ఎవరూ చేయలేరు. అసలు కథ అంతకు ముందే మొదలైంది. 1935లో మైఖేల్ జోసెఫ్ సావేజ్ నాయకత్వంలో లేబర్ పార్టీ అధికారంలోకి వచ్చింది. 1936లో చట్టం చేసి, ఎగుమతి అయ్యే పాల ఉత్పత్తులను హామీ ధరకు ప్రభుత్వమే కొనడం మొదలుపెట్టింది. 1937లో దేశంలోపలి అమ్మకాల కోసం ఇంటర్నల్ మార్కెటింగ్ డివిజన్ అనే విభాగం పెట్టింది. ఆహార సరుకుల వ్యాపారం చేస్తున్న ఒక ప్రైవేటు సంస్థను కొని, ఆ అనుభవం మీద దీన్ని నిలబెట్టింది. గుడ్లు, తేనె, పండ్లు దీని చేతికి వచ్చాయి. అంటే 1940 నాటికి సరుకు కొనడం, దాచడం, అమ్మడం తెలిసిన మనుషులు ప్రభుత్వం దగ్గర ఉన్నారు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద తేడా ఇదే. కాయను తీసుకునే చెయ్యి లేకపోతే హామీ ధర కాగితం మీదే ఉండిపోతుంది.

మరి అంత కాయను ఏం చేశారు? దేశంలోనే తినిపించారు. 1937 నుంచే బడి పిల్లలకు రోజూ అర పైంటు, అంటే సుమారు 280 మిల్లీలీటర్ల పాలు ఉచితంగా ఇస్తున్నారు. యుద్ధకాలంలో కొన్నేళ్లపాటు దానికి తోడు రోజుకొక యాపిల్ కూడా ఇచ్చారు. రైతు దగ్గర మిగిలిన కాయ పిల్లల చేతికి చేరింది. ఈ పథకంలో నాకు బాగా నచ్చిన భాగం ఇది.

నారింజ, అరటి విషయంలో మాత్రం జనం సంతోషంగా లేరు. ఫిజీ, సమోవా, కుక్ దీవుల నుంచి వచ్చే పండ్ల దిగుమతి కూడా ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఓడలు తగ్గగానే అరటి, నారింజ కొరత వచ్చింది. అమ్మేది ఒక్కరే అయినప్పుడు కోపమంతా ఆ ఒక్కరి మీదికే పోతుంది. ప్రతిపక్షం దీన్ని వదలకుండా పట్టుకుంది.

పక్క దేశం ఆస్ట్రేలియాలో కూడా ఇలాగే యాపిల్, పేర్ పంటను యుద్ధకాల నిబంధనల కింద ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. అక్కడ గొడవ హైకోర్టు దాకా, అంటే ఆ దేశపు అత్యున్నత కోర్టు దాకా వెళ్లింది. యాపిల్ పండుకీ దేశ రక్షణకీ సంబంధం ఏంటి? 1941లో ఆండ్రూస్ వర్సెస్ హావెల్ కేసులో ఈ ప్రశ్న తేలింది. దేశ రక్షణ అధికారం కిందే ఆ నిబంధనలు చెల్లుతాయని మెజారిటీ న్యాయమూర్తులు చెప్పారు.

[తెరపై: 1942 జూన్, ఆక్లాండ్ రేవు]

ఇక్కడ కథ పూర్తిగా తిరగబడుతుంది. 1942 జూన్‌లో అమెరికా సైనికులు న్యూజిలాండ్‌లో దిగారు. 1944 దాకా ఏ సమయంలో చూసినా 15,000 నుంచి 45,000 మంది అక్కడ ఉన్నారు. గ్వాడల్‌కెనాల్ లాంటి పసిఫిక్ దీవుల్లో పోరాడుతున్న వాళ్లు వీళ్లకు అదనం. అందరికీ తిండి కావాలి. దాన్ని అమెరికా నుంచి తేవడం కంటే న్యూజిలాండ్ నుంచి తీసుకోవడం దగ్గర.

1942 సెప్టెంబర్‌లో రెండు దేశాలకు ఒప్పందం కుదిరింది. అమెరికా ఆయుధాలు, సామగ్రి ఇస్తుంది. బదులుగా న్యూజిలాండ్ ఎక్కువగా ఆహారం ఇస్తుంది. వెల్లింగ్టన్‌లో అమెరికా సైన్యం, నౌకాదళం కలిసి జాయింట్ పర్చేజింగ్ బోర్డు పెట్టాయి. ఏం కావాలి, ఎంత కావాలి, ఏ నాణ్యతలో కావాలి అని చెప్పేది ఆ బోర్డు. కూరగాయల కోసం న్యూజిలాండ్ వ్యవసాయ శాఖ తానే పొలాలు నడిపింది. దీవులకు తాజా కూర చెడకుండా చేరడం కష్టం కాబట్టి ఎండబెట్టినవి, డబ్బాల్లో నింపినవి పంపారు.

హాక్స్ బేలోని హేస్టింగ్స్‌లో జేమ్స్ వాటీ 1934లో ఒక చిన్న క్యానరీ, అంటే పండ్లను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ, మొదలుపెట్టాడు. అక్కడ పండ్లు వృథాగా పోతున్నాయి, ఆక్లాండ్ జామ్ ఫ్యాక్టరీలకేమో పండు దొరకడం లేదు. ఆ రెంటినీ కలపడానికే ఆ క్యానరీ. యుద్ధంలో సైన్యం ఆర్డర్లతో అది బాగా పెరిగింది. న్యూజిలాండ్‌లో వాటీ పేరు తెలియని ఇల్లు ఇవాళ దాదాపు ఉండదు.

[తెరపై: రేషన్ తేదీలు ఒక్కొక్కటిగా]

1940లో కాయ ఎక్కువై బాధ. మూడేళ్లకే తిండి సరిపోక బాధ. చక్కెర, టీ 1942లోనే రేషన్‌కి వచ్చాయి. 1943 అక్టోబర్‌లో వెన్న కూడా వచ్చింది. మనిషికి వారానికి 8 ఔన్సులు, అంటే పావు కిలోకి కొంచెం తక్కువ. 1944 మార్చిలో మాంసం వంతు. ఆవులు, గొర్రెల మీద బతికే దేశంలో వెన్నకీ మాంసానికీ కూపన్లు! బ్రిటన్‌కి పంపాలి, అమెరికా సైనికులకు ఇవ్వాలి, మిగిలింది ఇంట్లో తినాలి. జనం గొణుక్కున్నారు, కానీ చాలావరకు ఒప్పుకున్నారు. యుద్ధం ముగిశాక కూడా బ్రిటన్ ఆకలి తీరలేదు కాబట్టి వెన్న రేషన్ 1950 దాకా సాగింది.

యుద్ధం అయిపోయాక ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే యాపిల్ రైతులు ఊపిరి పీల్చుకుంటారని మీరు అనుకోవచ్చు. అలా జరగలేదు. పంటంతా ఒక్కరే కొనే పద్ధతి వాళ్లకు నచ్చింది, అదే కొనసాగాలని కోరుకున్నారు. 1948లో యాపిల్ అండ్ పేర్ మార్కెటింగ్ బోర్డు చట్టం ద్వారా ఏర్పడింది, అందులో రైతుల ప్రతినిధులూ కూర్చున్నారు. ఓడలు దొరకని కాలం కోసం పెట్టిన ఏర్పాటు నుంచి పుట్టిన ఆ ఒకే ఎగుమతిదారు పద్ధతి 2001 దాకా నడిచింది.