దారి ఆగిన చోట

అధ్యక్షులకూ, సభకు విచ్చేసిన పెద్దలకూ, సెలవు రోజైనా వచ్చిన విద్యార్థులకూ నమస్కారం. ప్రయాణంలో ఎదురయ్యే ఆటంకాల గురించి మాట్లాడమన్నప్పుడు, శ్రీకాకుళంలో పుట్టి పెరిగిన నాకు మొదట గుర్తొచ్చింది 2018 అక్టోబరు 12.

అంతకు ముందురోజు తెల్లవారుజామున తిత్లీ తుపాను మన జిల్లాలోనే పలాస సమీపంలో తీరం దాటింది. ఫోన్లు పలకక, పలాస అవతల పల్లెలో ఉన్న మా పెద్దమ్మ క్షేమం తెలియక, నేను మోటారు సైకిలు మీద బయలుదేరాను. కొబ్బరి తోటల సీమ ఉద్దానంలోకి తిరిగేసరికి కొబ్బరిచెట్లు దారికి అడ్డంగా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నాకు కోపం వచ్చింది, ఆ వెనకే భయం వేసింది. పక్కనే పెంకులు లేచిపోయిన ఇంట్లోంచి ఒక అవ్వ, "ఏటి బాబూ, అలాగ నిలబడిపోనావు? ఇలాగొచ్చి కూకో" అని పిలిచి, స్టీలు గ్లాసుతో చోడంబలి, అంటే రాగి అంబలి, ఒక ఉల్లిపాయ చేతిలో పెట్టింది. ఇల్లు పోయిన మనిషి, దారి పోయిన నాకు తిండి పెట్టింది.

ఆమె కొడుకు గొడ్డలి పట్టుకొని మొదటి చెట్టు దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాడు. అది వాళ్ల నాన్న పాతిన చెట్టట. నేను తాడు పట్టి దుంగలు లాగుతూ సాయంత్రం వరకూ అక్కడే ఉండిపోయాను. ఎన్నో ఏళ్లు బస్సు కిటికీలోంచి పచ్చగా చూసి ఆనందించిన ఆ తోటలే ఆ ఇళ్లకు చదువు, పెళ్లి, మందూమాకూ అన్నీ అని ఆ రోజే తెలిసింది. దారి సాఫీగా ఉంటే నేను వాళ్ల గుమ్మం ముందునుంచే వెళ్లిపోయేవాణ్ణి.

1830లో మద్రాసు నుంచి పల్లకీలో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు, మరుసటి ఏడు తిరుగుప్రయాణంలో మన శ్రీకాకుళం, విజయనగరాల మీదుగానే వెళ్లారు. మజిలీ మజిలీకీ దారి ఎలా ఉందో, నీళ్లు, సరుకులు దొరుకుతాయో లేదో ఆయన ఓపికగా రాసుకున్నారు. తన ఇబ్బంది తనతోనే పోకుండా, వెనక వచ్చేవాడికి కబురుగా మిగలాలన్న ఆ తపనే నాకు ఆ యాత్రలో అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది.

అయితే ప్రతి ఆటంకానికీ అర్థం వెతకమని నేను చెప్పలేను. 2020 లాక్‌డౌన్‌లో గుజరాత్‌లోని వెరావల్ రేవులో మన మత్స్యకారులు వేలమంది నెలకు పైగా చిక్కుకుపోయి, ఇరుకు పడవల్లో రోజులు లెక్కపెట్టుకున్నారు. కూలి కోసం పోయిన ఆ ప్రయాణం, నాలా ఇష్టమైతే వెనక్కి తిరగగలిగిన ప్రయాణం కాదు. వాళ్లు పడ్డ కష్టంలోంచి మనం పాఠాలు తీయకూడదు. వాళ్లు చెబితే వినాలి, చెప్పకపోతే ఊరుకోవాలి.

ఆ రోజు చీకటి పడ్డాక చేరిన నాకు, వీధి అరుగు మీద పదిమందికి గంజి పోస్తున్న మా పెద్దమ్మ కనిపించింది. ఇప్పటికీ ఆ దారిన వెళితే, ఎంత తొందరలో ఉన్నా, అవ్వ ఇంటి ముందు బండి ఆపుతాను. అవ్వ ఇప్పుడు లేదు. ఆ రోజు మేము లాగిన దుంగల్లో ఒకదాన్ని ఆమె కొడుకు గుమ్మం పక్కన వేసి ఉంచాడు. వచ్చినవాళ్లు దాని మీదే కూర్చుంటారు.