బాక్సు వచ్చిందా?

అధ్యక్షులవారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న పాత ప్రొజెక్టర్ ఆపరేటర్లకు నమస్కారం. అందరినీ పేరుపేరునా తలుచుకోవాలి గానీ నాకిచ్చింది పదిహేను నిమిషాలే.

ఒక ఊరు సినిమాకు కేంద్రం ఎలా అవుతుందో చెప్పమన్నారు. స్టూడియోలుంటే అవుతుందని చాలామంది అనుకుంటారు. మన విజయవాడలో చెప్పుకోదగ్గ స్టూడియో లేదు. అప్పట్లో షూటింగులన్నీ మద్రాసులోనే జరిగేవి. కానీ అక్కడ నిర్మాత సినిమా మొదలుపెట్టాలంటే ఇక్కడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూటరు కథ విని అడ్వాన్సు ఇవ్వాల్సి వచ్చేది. డెల్టాలో పంట డబ్బు ఉంది. మద్రాసు, హౌరా, సికింద్రాబాద్ లైన్లు కలిసే జంక్షన్ ఉంది. 1921లోనే ఇక్కడ మారుతీ సినిమా హాలు వచ్చింది. మద్రాసులో రఘుపతి వెంకయ్యగారు, ఆయన కుమారుడు ప్రకాశ్ కలిసి మన మొదటి మూకీ సినిమా ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసిందీ ఆ ఏడాదే. ఆ సినిమా ప్రింటు ఇప్పుడు ఎక్కడా లేదు. ఆ మాటకు మళ్లీ వస్తాను.

నేను డిస్ట్రిబ్యూటరు తరఫున ఫిలిం రిప్రజెంటేటివ్‌గా చేశాను. సినిమా రీళ్లు పెట్టిన బాక్సుతో పాటు ఊరికి వెళ్లడం, టికెట్లు లెక్క చూడడం, రాత్రి డి.సి.ఆర్., అంటే ఆ రోజు వసూళ్ల లెక్క, రాసి పంపడం. ఏ ఊళ్లో దిగినా ముందు వినిపించే మాట ఒకటే: "బాక్సు వచ్చిందా?" రిక్షావాళ్లు అడిగేవాళ్లు, టీకొట్టువాళ్లు అడిగేవాళ్లు.

గుడివాడ వైపు ఒక ఊళ్లో ఒకే ప్రింటు రెండు హాళ్లలో వేశాం. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. మూడు గంటల సినిమాకు పదహారు, పదిహేడు రీళ్లు. ఒక హాల్లో అయిన రీళ్లను సైకిల్ మీద రెండో హాలుకు చేర్చాలి, మధ్యలో రైల్వే గేటు. ఆ రాత్రి సెకండ్ షోలో గూడ్సు బండి వచ్చి గేటు దగ్గర ఆగిపోయింది. రెండో హాల్లో తెర తెల్లబడింది. గోల చేస్తారని నాకు ఒకటే టెన్షన్. ఎవరూ అరవలేదు. నేల టికెట్టులోంచి ఒకాయన లేచి, "గేటు పడుంటుంది, నేను చూసొస్తా" అని టార్చి పట్టుకుని బయల్దేరాడు. ఇంకో నలుగురు వెంట వెళ్లారు. నలభై నిమిషాలు పట్టింది. బండి కదిలాక కుర్రవాడి సైకిల్ ముందు, వీళ్లు వెనక. రీలు పడగానే హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు హీరోకు కాదండీ, సైకిల్ తొక్కిన ఆ కుర్రవాడికి. సినిమా తమ దాకా ఎలా వస్తోందో వాళ్లందరికీ తెలుసు. అలాంటి జనం ఉన్నారు కనకే ఇది సినిమా ఊరు అయింది.

ఇక నాకు కడుపు మండే సంగతి. డిజిటల్ వచ్చాక రీళ్లతో పని లేకుండా పోయింది. నేను పనిచేసిన ఆఫీసు మూసేశారు. ప్రింట్లను కిలోల లెక్కన పాత సామాను లారీకి ఎత్తారు. నేను వద్దన్నాను, బతిమాలాను. "గోడౌన్ అద్దె నువ్వు కడతావా?" అన్నారు. పుణేలో 1964 నుంచి నేషనల్ ఫిలిం ఆర్కైవ్ ఉంది. ఒక్క ఉత్తరం రాసి అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. 1932లో వచ్చిన మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా ఇవాళ చూద్దామంటే దొరకదు. ఇన్ని పోగొట్టుకున్నాక కూడా లారీలకు ఎత్తుతూనే ఉన్నాం.

అమ్మా, అయ్యా, మీ అటకల మీద చూడండి. పాటల పుస్తకాలు, వాల్ పోస్టర్లు, టికెట్టు ముక్కలు ఉంటాయి. వాటిని కాగితాలవాడికి వేయకండి. ఈ గాంధీనగర్‌లో చెమ్మ లేని గది ఒకటి ఇప్పించమని అధ్యక్షులవారిని అడుగుతున్నాను. ఒక్క గది. బీరువాలు మేం పాతవాళ్లం తలా ఇంత వేసుకుని కొంటాం.

ఆ లారీ దగ్గర నా చేతికి దక్కింది ఒక్క గోనెసంచి. అందులో డి.సి.ఆర్. పుస్తకాలున్నాయి. ఏ ఊళ్లో, ఏ రోజు, ఏ ఆటకు నేల టికెట్లు ఎన్ని తెగాయో అన్నీ వాటిలో ఉన్నాయి. ఇవాళ ఆటోలో వేసుకొచ్చాను, అదిగో ఆ తలుపు పక్కన పెట్టాను. సభ అయ్యాక వచ్చి చూడండి. చేతులు తడి లేకుండా తుడుచుకుని రండి, కాగితం పట్టుకుంటే పొడి రాలుతోంది.