ఇంగ్లండ్‌లో క్రిమినాలజీ మాస్టర్స్: చేరేముందు ఏం చూసుకోవాలి, చేరాక ఎలా చదవాలి

నమస్కారం. క్రిమినాలజీ (అంటే నేరాల అధ్యయనం), క్రిమినల్ జస్టిస్ మాస్టర్స్‌కి ఇంగ్లండ్ వెళ్దామనుకునే మన పిల్లలు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ డిగ్రీతో అక్కడ పోలీసు ఉద్యోగం వస్తుందా అని. రాదండీ. ఇంగ్లండ్, వేల్స్ పోలీసుల్లో చేరాలంటే ఆ దేశంలో గడువు లేకుండా ఉండే హక్కు ఉండాలి. స్టూడెంట్ వీసాకీ గడువుంది, ఆ తర్వాత వచ్చే గ్రాడ్యుయేట్ వీసాకీ గడువుంది. పోనీ లాయరు అవ్వొచ్చా? అదీ కుదరదు. ఇది లా డిగ్రీ కాదు, మన బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవడానికి పనికిరాదు. ఈ రెండూ తెలిశాక కూడా చదవాలనిపిస్తే, మిగతా వీడియో మీ కోసమే.

ముందు కోర్సు ఎంపిక. పేరు చూసి చేరకండి, మాడ్యూళ్ల, అంటే పాఠ్యాంశాల జాబితా తెరిచి చూడండి. ఈ కోర్సులో ల్యాబు ఉండదు. వేలిముద్రలు, డీఎన్ఏ కావాలంటే ఫోరెన్సిక్ సైన్స్ వేరే కోర్సు, దానికి సైన్స్ డిగ్రీ అడుగుతారు. ఇక్కడ చదివేది నేరం ఎందుకు జరుగుతుంది, చట్టం ఎవరి మీద ఎలా పడుతుంది, శిక్ష తర్వాత మనిషి ఏమవుతాడు అన్నది. మొత్తం 180 క్రెడిట్లు, సాధారణంగా అందులో 60 డిసర్టేషన్‌కే, అంటే చివర్లో రాసే పరిశోధన వ్యాసానికే పోతాయి. గణాంకాలు నేర్పే మాడ్యూల్ ఉన్న కోర్సునే ఎంచుకోండి. లెక్కలంటే భయపడి దాన్ని తప్పించుకున్నవాళ్లకి తర్వాత ఉద్యోగాల వేటలో చూపించుకోడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఇక మార్కులు. 50 వస్తే పాస్, 60కి మెరిట్, 70కి డిస్టింక్షన్. ఇంటర్‌లో 95 శాతం తెచ్చుకున్న పిల్లలు మొదటి వ్యాసానికి 54 చూసి కుంగిపోతారు. తెలివి తక్కువై కాదు, రాసే పద్ధతి వేరు. ఉదాహరణకి స్టాప్ అండ్ సెర్చ్ తీసుకోండి, అంటే రోడ్డు మీద ఆపి సోదా చేసే అధికారం. 1984 నాటి పోలీస్ అండ్ క్రిమినల్ ఎవిడెన్స్ చట్టం ప్రకారం దానికి సహేతుకమైన అనుమానం ఉండాలి, 1994 నాటి చట్టంలోని సెక్షన్ 60 కింద అనుమానం లేకపోయినా చేయొచ్చు, తెల్లవాళ్లకంటే నల్లజాతివాళ్లని ఎక్కువగా ఆపుతున్నారు. ఇంతవరకు రాస్తే మీ మార్కు యాభైల్లోనే ఉంటుంది. అదంతా సమాచారం. అరవై దాటాలంటే ఆ లెక్క దేన్ని దేనితో భాగించి తీశారని అడగాలి. ఊళ్లో నివసించే జనాభాతో పోలిస్తే ఒక అంకె వస్తుంది, ఆ సమయానికి వీధిలో ఉన్న జనంతో పోలిస్తే ఇంకో అంకె. మరి ఆ వీధిలో ఎవరు ఎక్కువసేపు ఉంటారు, పోలీసులు ఆ వీధినే ఎందుకు ఎంచుకున్నారు? ఆ ప్రశ్న దాకా వెళ్లి, ఎదుటి వాదనకి న్యాయం చేసి, అప్పుడు మీ అభిప్రాయం చెప్పండి. 1993లో లండన్‌లో జాతి విద్వేషంతో జరిగిన నల్లజాతి కుర్రాడు స్టీఫెన్ లారెన్స్ హత్య, దాని దర్యాప్తు మీద 1999లో వచ్చిన మాక్‌ఫర్సన్ నివేదిక, ఈ రెండూ క్లాసులు మొదలవకముందే చదివి పెట్టుకోండి. పోలీసుల మీద ఏ చర్చ మొదలైనా అక్కడికే వస్తుంది.

ఇంకో జాగ్రత్త: వ్యాసంలో 'యూకే న్యాయవ్యవస్థ' అని రాయకండి. అలాంటిది ఒక్కటి లేదు. ఇంగ్లండ్–వేల్స్ ఒకటి, స్కాట్లండ్ ఒకటి, ఉత్తర ఐర్లండ్ ఒకటి. ఇంగ్లండ్ జ్యూరీలో 12 మంది, స్కాట్లండ్‌లో 15 మంది. నేర బాధ్యత వయసు ఇంగ్లండ్‌లో 10 ఏళ్లు, స్కాట్లండ్‌లో 12.

ఈ చదువులో అసలు బలం నేరాన్ని లెక్కపెట్టడం నేర్చుకోవడంలో ఉంది, అక్కడ మన దేశపు లెక్కలతో పోల్చి చూసే సౌలభ్యం మన విద్యార్థికి ఉంది. ఇంగ్లండ్‌లో రెండు లెక్కలు నడుస్తాయి. పోలీసులు నమోదు చేసిన నేరాలు ఒకటి. 1982లో మొదలైన క్రైమ్ సర్వే రెండోది, ఇందులో ఎంపిక చేసిన ఇళ్లకి వెళ్లి 'మీకు ఏం జరిగింది' అని అడుగుతారు. పోలీసు లెక్కలు నమ్మదగ్గవిగా లేవని 2014లో వాటికి జాతీయ గణాంకాల హోదానే తీసేశారు. సర్వేకీ లోపాలున్నాయి: చనిపోయినవాళ్లని అడగలేరు కాబట్టి హత్యలు ఉండవు, ఇల్లు లేనివాళ్లు లెక్కలోకి రారు. మన దగ్గర ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) ఏటా ఇచ్చేది నమోదైన కేసుల లెక్క. పైగా ఒకే ఎఫ్ఐఆర్‌లో చాలా నేరాలుంటే అన్నిటికంటే పెద్దదాన్నే లెక్కిస్తారు. అత్యాచారం చేసి చంపితే అది అత్యాచారాల అంకెలో కనిపించదు. 'కేసులు పెరిగాయి' అన్న వార్త చూసినప్పుడు, నేరం పెరిగిందా, ఫిర్యాదు చేసే ధైర్యం పెరిగిందా అని అడగగలిగితే మీరు క్రిమినాలజీ చదువుతున్నట్టే.

డిసర్టేషన్ విషయం ఆలస్యం చేయకండి. 'జైల్లో ఖైదీలని ఇంటర్వ్యూ చేస్తాను' అని ప్రతి ఏడాదీ కొందరు బయల్దేరతారు. ఇంగ్లండ్ జైళ్లకి యూనివర్సిటీ ఎథిక్స్ అనుమతితో పాటు జైళ్ల శాఖ పరిశోధన కమిటీ అనుమతి కూడా కావాలి. ఏడాది కోర్సులో ఆ సమయం ఉండదు, వేసవిలో అంశం మార్చుకుని పరుగులు పెట్టాల్సొస్తుంది. అందుకే మనుషుల్ని అడగనవసరం లేని అంశం చూసుకోండి. క్రైమ్ సర్వే డేటా యూకే డేటా సర్వీస్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో విద్యార్థులకి దొరుకుతుంది. వీధుల వారీ నేరాల డేటా పోలీసు వెబ్‌సైట్‌లో ఎవరైనా దించుకోవచ్చు. మా దృష్టిలో వీటికంటే విలువైనది ఇంకొకటుంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాలనే పుట్టుకతో నేరస్తులని ముద్రవేసింది. ఆ వ్యవస్థలోనే మన బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకలవాళ్లని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చి సెటిల్‌మెంట్‌లో పెట్టారు. ఆనాటి ప్రభుత్వ కాగితాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. సాల్వేషన్ ఆర్మీకీ లండన్‌లో సొంత ఆర్కైవ్ ఉంది. తెలుగు వచ్చినవాళ్లు, ఆ ఊరి తర్వాతి చరిత్ర తెలిసినవాళ్లు ఆ కాగితాలు చదివితే వచ్చే లోతు వేరు.

ఉగ్రవాదం మీద రాయాలనుకుంటే మాత్రం సూపర్‌వైజర్‌కి ముందే చెప్పి, రాతపూర్వక అనుమతి తీసుకుని, యూనివర్సిటీ సర్వర్‌లోనే ఫైళ్లు పెట్టండి. ఉగ్రవాదానికి ఉపయోగపడే సమాచారాన్ని దగ్గర పెట్టుకోవడం 2000 నాటి టెర్రరిజం చట్టం సెక్షన్ 58 కింద నేరం. 2019 నుంచి ఆన్‌లైన్‌లో చూడటం కూడా అందులోకొచ్చింది. చదువు కోసమన్నది సమర్థనగా చెల్లుతుంది గానీ, చెల్లేలోగా అరెస్టవ్వొచ్చు. 2008లో నాటింగ్‌హామ్‌లో ఒక మాస్టర్స్ విద్యార్థిని అలాగే పట్టుకుని, చివరికి కేసు లేకుండానే వదిలేశారు.

కోర్టుకి వెళ్లండి, ఉచితం. మేజిస్ట్రేట్ కోర్టు పబ్లిక్ గ్యాలరీలో ఎవరైనా కూర్చోవచ్చు, బాలల కోర్టులోకి మాత్రం రానివ్వరు. ఫొటో తీసినా, రికార్డు చేసినా నేరమే. లండన్‌లోని పెద్ద క్రిమినల్ కోర్టు ఓల్డ్ బెయిలీకి ఫోను, బ్యాగు తీసుకెళ్తే లోపలికి పంపరు, దాచుకోడానికి చోటూ ఇవ్వరు.

డబ్బు సంగతి. 2025 నవంబర్ 11 నుంచి స్టూడెంట్ వీసాకి జీవన ఖర్చుల కింద లండన్‌లో నెలకి 1,529 పౌండ్లు, బయట 1,171 పౌండ్లు, 9 నెలలకి చూపించాలి. బయటైతే 10,539 పౌండ్లన్నమాట, కట్టాల్సిన ఫీజు దీనికి అదనం. ఆ మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఒక్కరోజు తగ్గినా వీసా తిరస్కరిస్తారు. ఖాతా మీదో, అమ్మానాన్నలదో అయ్యుండాలి. బాబాయ్ ఖాతా, పొలం విలువ పత్రం పనికిరావు.

చదువుతూ వారానికి 20 గంటలు పనిచేయొచ్చు, వారమంటే సోమవారం నుంచి ఆదివారం. మాస్టర్స్‌లో డిసర్టేషన్ రాసే వేసవి సెలవు కాదు, అప్పుడూ 20 గంటలే. ఇది తెలియక ఎక్కువ గంటలు చేసి వీసా పోగొట్టుకోకండి. జీతం లేకున్నా కచ్చితమైన డ్యూటీలతో చేసే వాలంటరీ వర్క్ కూడా ఆ 20లోకే వస్తుంది. బాధితుల సహాయ సంస్థల్లో చేరేటప్పుడు నేర చరిత్ర తనిఖీ ఉంటుంది, ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ కూడా అడగొచ్చు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో బయల్దేరేముందే తీసుకుంటే తేలిక.

కోర్సయ్యాక 2027 జనవరి 1 నుంచి గ్రాడ్యుయేట్ వీసాకి దరఖాస్తు చేస్తే 18 నెలలే ఇస్తారు. ఆపైన ఉద్యోగం మీద ఇచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలు జీతం పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా చేరేవాళ్లకి కొంత తగ్గింపు ఉన్నా ఈ రంగంలోని స్వచ్ఛంద సంస్థల తొలి ఉద్యోగాల్లో ఆ జీతం రావడం కష్టం. అప్పు చేసి వెళ్లేవాళ్లు ఈ అంకె పక్కన నెలవారీ ఈఎంఐ రాసి చూసుకోండి. గణాంకాలు బాగా వచ్చినవాళ్లు డేటా అనలిస్టు, బ్యాంకు మోసాల విభాగాల వైపు ప్రయత్నించండి. తిరిగొచ్చేవాళ్లకి జైలు సంస్కరణల మీద, బాలల న్యాయం మీద పనిచేసే సంస్థలున్నాయి. 2024 జూలై 1 నుంచి మన క్రిమినల్ చట్టాలు మూడూ మారాయి కదా, అవి నేలమీద ఎలా అమలవుతున్నాయో లెక్కతో చూపించగల మనిషి వాళ్లకి కావాలి.