గుంజలు పీకకండి, తాడు మార్చండి: అమెరికా కరెంటు లైన్ల చట్టాలు

అమెరికాలో ట్రాన్స్‌మిషన్ లైన్ల మీద, అంటే కరెంటును దూరాలకు మోసుకెళ్ళే పెద్ద లైన్ల మీద, ఏ చట్టం వచ్చినా వార్తల్లో ఒకటే బొమ్మ వేస్తారు: పొలాల మధ్య కొత్త టవర్లు. లైన్లు బాగుచేయడమంటే టవర్లు పాతడమే అన్నట్టు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఈ వీడియో.

బట్టలారేసే దండెం తెలుసుగా? ఇవాళంతా దానితోనే నెట్టుకొస్తాను, విసుక్కోకండి. రెండు గుంజలు, మధ్యలో తాడు. తడి బట్టలు ఎక్కువైతే తాడు వెంటనే తెగదు, ముందు కిందికి జారుతుంది. దుప్పటి అంచు మట్టికి తగులుతుంది. అంటే దండెం ఎన్ని బట్టలు మోస్తుందో తేల్చేది తాడు బలం ఒక్కటే కాదు, నేలకీ దుప్పటికీ మధ్య మిగిలిన జాగా కూడా.

లైనూ అంతే. కరెంటు ఎక్కువ పారితే తీగ వేడెక్కుతుంది, సాగుతుంది, కిందికి వేలాడుతుంది. కింద చెట్టుందా, పని అయిపోయినట్టే.

[స్క్రీన్ మీద: ఒహాయో, 2003 ఆగస్టు 14]

ఆ మధ్యాహ్నం 345 కేవీ (3 లక్షల 45 వేల వోల్టుల) లైన్లు మూడు, ఒకదాని వెనక ఒకటి, చెట్లకు తగిలి ట్రిప్పయ్యాయి, అంటే వాటంతటవే ఆగిపోయాయి. వాటి మీద లోడు పరిమితి దాటనే లేదు, అది గమనించండి. దండెం మీద బట్టలు లెక్క ప్రకారమే ఉన్నాయి, కింద కంప పెరిగిపోయింది. వాటి భారం పక్క లైన్ల మీద పడి, అవీ పోయి, సాయంత్రానికి అమెరికా, కెనడాల్లో దాదాపు 5 కోట్ల మంది చీకట్లో ఉన్నారు. 2005లో ఎనర్జీ పాలసీ యాక్ట్ వచ్చింది. అంతదాకా ఇష్టముంటే పాటించే గ్రిడ్ నిబంధనలకు జరిమానా కోరలు మొలిచాయి. లైన్ల కింద చెట్లు కొట్టడం కూడా వాటిలో ఒకటైంది. కొడవలికి కూడా ఒక చట్టం కావాల్సి వచ్చిందన్నమాట!

ఇప్పుడు తాడు సంగతి. చాలా లైన్లలో ఇంకా ఉన్నది ఏసీఎస్ఆర్ అనే రకం తీగ. నడుమ ఉక్కు, చుట్టూ అల్యూమినియం పోగులు. వందేళ్ళ నాటి డిజైన్. ఉక్కు గట్టిదే, కానీ వేడికి సాగుతుంది. దాని బదులు కార్బన్ ఫైబర్ పెడితే సాగడం బాగా తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. మిగిలిన బరువుకి ఇంకాస్త అల్యూమినియం చుట్టుకోవచ్చు. మామూలు తీగని సాధారణంగా 100 డిగ్రీల లోపే నడుపుతారు, దీన్ని 180 దాకా నడపొచ్చు. తీగ లావు అంతే, కరెంటు దాదాపు రెట్టింపు. గుంజలు పాతవే, తాడు ఒక్కటే కొత్తది. కొత్తగా భూమి సేకరించి, ఏళ్ళ తరబడి అనుమతుల చుట్టూ తిరిగే బాధ చాలావరకు తప్పుతుంది.

మరి కంపెనీలు ఎగబడి మార్చాలి కదా? మార్చవు. అక్కడ కరెంటు కంపెనీకి లాభం పెట్టుబడి మీద శాతంగా వస్తుంది. మీ దండెం కట్టేవాడికి ఖర్చులో ఇంత వంతు కూలి అని ఒప్పుకున్నారనుకోండి. తాడు మార్చి వెళ్ళిపోతాడా, గుంజలు కూడా పుచ్చిపోయాయండీ అంటాడా? వాణ్ణి తిట్టి లాభం లేదు, ఆ ఒప్పందం రాసుకున్నది మనమే.

ఈ ముడినే కొన్ని రాష్ట్రాలు విప్పడం మొదలుపెట్టాయి. 2023లో మోంటానా చట్టం కొత్త రకం తీగల ఖర్చును టారిఫ్‌లో రాబట్టుకునే దారి చూపింది. 2024లో కాలిఫోర్నియా, ఎక్కడెక్కడ తీగ మారిస్తే సరిపోతుందో అధ్యయనం చేయమని కంపెనీలకు చెప్పింది. అధ్యయనమే సుమా, మార్చమని కాదు. నాకైతే ఇది సగం పనే.

అయ్యో, టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. కేంద్ర నియంత్రణ సంస్థ ఫెర్క్ 2021 డిసెంబర్‌లో 881వ ఉత్తర్వు ఇచ్చింది. అంతకుముందు చాలా లైన్లకు మండుటెండను ఊహించుకుని నెలల తరబడి ఒకే పరిమితి ఉండేది. ఇక గంటగంటకూ గాలి వేడిని బట్టి లెక్క కట్టాలి. చల్లటి పూట దండెం మీద ఇంకో రెండు దుప్పట్లు వేసుకోవచ్చన్నమాట. తీగను ఇంకా బాగా చల్లార్చేది వీచే గాలి, దాన్ని లెక్కలోకి తీసుకోవడం మాత్రం ఈ ఉత్తర్వు తప్పనిసరి చేయలేదు. 2024 మేలో 1920వ ఉత్తర్వు 20 ఏళ్ళ ముందుచూపుతో ప్లాన్ వేయమంది, అందులో కొత్త తీగలనూ పరిశీలించమంది.

ఒక్క మెలిక. ఇదంతా వేడి వల్ల ఇక ఎక్కువ కరెంటు మోయలేని లైన్లకే. వందల మైళ్ళ పొడవున్న లైన్లకు అడ్డుపడేది వేడి కాదు, దారిలో పడిపోయే వోల్టేజీ, స్టెబిలిటీ (రెండు చివరల గ్రిడ్ అదుపు తప్పకుండా ఒకే లయలో నడవడం). అక్కడ ఎంత మంచి తాడు కట్టినా పెద్దగా ఒరిగేది లేదు, చాలాసార్లు కొత్త గుంజలు పాతాల్సి రావచ్చు.